పెంపుడు జంతువుల తిండి గిన్నెకు చీమలు పట్టకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

కుక్కనో పిల్లినో పెంచుకునే ఇంట్లో ఈ బాధ తప్పదు. గిన్నె నింపి అటు వెళ్లి ఇటు వచ్చేసరికి చీమలు ముసిరి ఉంటాయి. అందరూ మళ్లీ మళ్లీ అవే సందేహాలు అడుగుతుంటారు కాబట్టి వాటన్నిటినీ ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది. ఒక్క మాట మాత్రం అన్నిటికీ వర్తిస్తుంది: తిండి గిన్నె చుట్టూ ఏ పురుగుమందూ వాడొద్దు. ఆ గిన్నెలో మూతి పెట్టేదీ, ఆ నేల మీద నడిచి కాళ్లు నాక్కునేదీ నోరులేని ప్రాణి.

## చీమలు పట్టేశాయి, ఇప్పుడేం చేయాలి?

గిన్నె నిండా చీమలున్నాయి. ముందుగా ఏం చేయాలి?

కంగారుపడి గిన్నెను దులపొద్దు. దులిపితే చీమలు చెల్లాచెదురై మూలమూలకీ పోతాయి. ముందు ఒక్క నిమిషం ఆగి బారు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. గోడ వారనా, గుమ్మం సందులోంచా, స్విచ్‌బోర్డు పక్కనుంచా? ఒకసారి తుడిచేశాక ఈ సంగతి తెలుసుకోవడం కష్టం. తర్వాత గిన్నెను మెల్లగా ఎత్తి సింకులో పెట్టి నీళ్లు పోయండి. సబ్బునీళ్లలో తడిపిన గుడ్డతో బారును గిన్నె ఉన్న చోటి నుంచి అవి బయటికొచ్చే సందు దాకా తుడవండి. చివర్లో మంచినీళ్లతో ఇంకోసారి తుడిస్తే జంతువు కాళ్లకు సబ్బు అంటదు. ఇదంతా అయ్యేదాకా దాన్ని వేరే గదిలో ఉంచండి.

చీమలు పట్టిన డ్రై ఫుడ్ పారేయాలా?

గిన్నెలోది గుప్పెడే అయితే పారేయండి. సంచికో డబ్బాకో పట్టి ఉంటే అంతా వృథా చేయనక్కర్లేదు. గాలి చొరబడని కవర్లో వేసి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచండి. చీమలు చచ్చిపోతాయి. పొద్దున జల్లెడ పడితే రాలిపోతాయి. ఫుడ్ చల్లదనం తగ్గాక, తేమ ఏమీ లేదని చూసుకుని పెట్టండి. ఎండలో ఆరబోస్తే చీమలు పోయే మాట నిజమే కానీ, వేడికి అందులోని కొవ్వు ముక్కవాసన పడుతుంది, విటమిన్లూ తగ్గుతాయి. ఆ చీమల మీద ఎవరైనా స్ప్రే కొట్టి ఉంటే మాత్రం ఫుడ్ ఎంత ఉన్నా పారేయాల్సిందే. వెట్ ఫుడ్‌కు చీమలు పడితే ఆలోచించకుండా తీసేయండి.

మా కుక్క చీమలతో పాటే తినేసింది. ఏమైనా అవుతుందా?

ఇంట్లో తిరిగే చిన్న నల్ల చీమలు నాలుగు కడుపులోకి వెళ్తే ఏమీ కాదు, అరిగిపోతాయి. కుట్టే ఎర్ర చీమలతోనే జాగ్రత్తగా ఉండాలి. అవి పెదవుల్నీ నాలుకనూ కుడితే నోరు వాచవచ్చు, చొంగ కారవచ్చు. నోరు తెరిచి చూసి, అతుక్కున్న చీమలుంటే తీసేసి, తాగడానికి చల్లటి నీళ్లు పెట్టండి. ముఖం వాచడం, ఆగకుండా వాంతులు, ఊపిరి అందకపోవడం కనిపిస్తే పశువైద్యుడి దగ్గరికి వెంటనే తీసుకెళ్లండి.

చీమలు తింటే కడుపులో పురుగులు వస్తాయా?

కుక్కల్లోనూ పిల్లుల్లోనూ మామూలుగా కనిపించే బద్దెపురుగు ఫ్లీల (బొచ్చులో గెంతే చిన్న పురుగులు) వల్ల వస్తుంది, చీమల వల్ల కాదు. మలంలో బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే డాక్టరుకు చూపించి పురుగుల మందు వేయించండి, ఫ్లీలనూ వదిలించండి. అలాగని చీమలు శుభ్రమైనవేమీ కావు. చెత్తబుట్ట మీదా మురుగు కాలవ పక్కనా తిరిగిన కాళ్లతోనే గిన్నెలోకి దిగుతాయి. ఆసుపత్రుల్లో తిరిగే ఫారో చీమల ఒంటి మీద రోగకారక బ్యాక్టీరియా ఉన్నట్టు పరిశోధకులు గుర్తించారు కూడా.

చీమలు పట్టినప్పటి నుంచి మా పిల్లి గిన్నె వైపే రావడం లేదు. ఎందుకు?

పిల్లి ముక్కు చాలా చురుకైనది. కొన్ని రకాల చీమలు ఫార్మిక్ యాసిడ్ చిమ్ముతాయి, దాని ఘాటు పిల్లికి నచ్చదు. ముక్కు మీద ఒక్కసారి కుట్టించుకున్నా ఆ చోటంటేనే భయపడుతుంది. గిన్నె మార్చండి, చోటు మార్చండి, తాజా ఫుడ్ కొంచెమే పెట్టి చూడండి. అయినా 24 గంటలు దాటి ఏమీ తినకపోతే ఇక చీమల సంగతి పక్కన పెట్టి డాక్టరుకు చూపించండి. పిల్లులు, ముఖ్యంగా లావుగా ఉన్నవి, రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది.

## అసలు ఎందుకు వస్తున్నాయి?

రోజూ తుడుస్తున్నా సరిగ్గా అదే చోటికి ఎలా వస్తున్నాయి?

తిండి వెతుక్కుంటూ ముందు ఒకటో రెండో చీమలు తిరుగుతాయి. వాటికి గిన్నె దొరికితే గూటికి తిరిగి వెళ్తూ దారి పొడవునా ఒక రసాయనాన్ని వదులుతాయి. దాన్ని ఫెరొమోన్ అంటారు. ఆ వాసన పట్టుకుని మిగతావి వస్తాయి. వచ్చిన ప్రతి చీమా తిరిగి వెళ్తూ ఆ దారిని ఇంకాస్త గట్టిపరుస్తుంది. చీపురుతో ఊడ్చినా పొడి గుడ్డతో తుడిచినా పోయేది చీమలే, వాసన దారి అలాగే ఉంటుంది. అందుకే గంటలో మళ్లీ బారు కడతాయి. సబ్బునీళ్లతో తుడిస్తేనే ఆ దారి చెరిగిపోతుంది. గిన్నె కింద మాత్రమే తుడిచి ఊరుకోకుండా బారు మొదలయ్యే సందు దాకా తుడవాలి.

డ్రై ఫుడ్‌లో తీపి లేదు కదా, దానికెందుకు పడుతున్నాయి?

చీమలకు తీపి ఒక్కటే చాలదు. పెద్ద చీమలకు శక్తినిచ్చేది తీపి. గూట్లో పెరుగుతున్న పిల్ల పురుగులకు మాంసకృత్తులు, కొవ్వు కావాలి. కుక్కల, పిల్లుల ఫుడ్‌లో ఉండేవి సరిగ్గా అవే. పెద్ద చీమలు గట్టి పదార్థాన్ని మింగలేవు కాబట్టి పలుకుల్ని మోసుకెళ్లి పిల్ల పురుగులకు పెడతాయి. అవి దాన్ని జీర్ణం చేసి ద్రవంగా పెద్దవాటికి తిరిగి ఇస్తాయి. ఒక్క పలుకు చుట్టూ పది చీమలు చేరి లాక్కుపోతుంటే, వాటి గూట్లో పిల్లలు ఎక్కువగా ఉన్నాయని అనుకోవచ్చు.

నీళ్ల గిన్నెలో కూడా చీమలు తేలుతున్నాయి. నీళ్లకూ వస్తాయా?

వస్తాయి. ఎండలు ముదిరినప్పుడు వాటికీ దాహమే. పైగా కుక్కలూ పిల్లులూ ఫుడ్ తిన్న మూతితోనే నీళ్లు తాగుతాయి కాబట్టి గిన్నె అంచుకు కొవ్వు, పలుకులు అంటుకుంటాయి. నీళ్ల గిన్నెను ఫుడ్ గిన్నెకు కొన్ని అడుగుల దూరంలో పెట్టి, రోజుకు రెండుసార్లు అంచు రుద్ది కడిగి నీళ్లు మార్చండి. చాలా ఇళ్లలో దీంతోనే తగ్గిపోతుంది.

వానలు మొదలవగానే ఎందుకు ఎక్కువవుతాయి?

నేలలోని గూళ్లలోకి నీళ్లు చేరితే చీమలు గుడ్లతో, పిల్లలతో సహా పొడిచోటు వెతుక్కుంటూ ఇంట్లోకి వస్తాయి. వచ్చాక దగ్గర్లో దొరికే తిండి మీ గిన్నెలోదే. వానలకు ముందే గుమ్మాల కింద, కిటికీ చట్రాల చుట్టూ, పైపులు గోడలోకి వెళ్లే చోట సందుల్ని సిలికాన్ సీలెంట్‌తో పూడిస్తే చాలా వరకు ఆగుతాయి.

ఏ రకం చీమలో తెలుసుకోవాలా? చీమ చీమే కదా?

మందు వాడే ఆలోచన ఉంటే తెలుసుకోవాలి. పసుపుపచ్చగా, 2 మిల్లీమీటర్లకు మించకుండా ఉండేవి ఫారో చీమలు కావచ్చు. వాటి మీద స్ప్రే కొడితే గూడు చీలి నాలుగు చోట్ల కొత్త గూళ్లు పెడతాయి, ఉన్న బాధ ఇంకా పెరుగుతుంది. తల నల్లగా ఉండి వెనక భాగం పాలిపోయి దాదాపు కనిపించనంత చిన్నగా ఉంటే అవి భూతచీమలు. వాటికి తీపి, తేమ ఇష్టం. పొడవాటి కాళ్లతో దిక్కుతోచనట్టు అటూ ఇటూ పరిగెత్తేవి వేరొక రకం. ఎర్రగా ఉండి, ముట్టుకోగానే మీద పడి మంట పుట్టేలా కుట్టేవైతే జంతువును ఆ చోటికి రానివ్వకండి. వీటన్నిటి విషయంలోనూ గిన్నెను కాపాడుకునే పద్ధతి ఒక్కటే. గూడును ఎలా వదిలించాలన్నది మాత్రం రకాన్ని బట్టి మారుతుంది.

## గిన్నె చుట్టూ అడ్డు కట్టడం

గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టడం నిజంగా పనిచేస్తుందా? ఎలా పెట్టాలి?

పనిచేస్తుంది. మందూ మాకూ లేకుండా జరిగే పని కాబట్టి నేను మొదట చెప్పేది ఇదే. గిన్నె కన్నా వెడల్పైన, అంచున్న పళ్లెం తీసుకోండి. గిన్నె చుట్టూ కనీసం రెండు వేళ్ల వెడల్పున నీళ్లు కనిపించాలి. లోతు ఒక సెంటీమీటరు ఉన్నా సరిపోతుంది, లోతు కన్నా వెడల్పు ముఖ్యం. గిన్నె తేలికగా ఉండి పక్కకు జరుగుతుంటే దాని కింద ఒక చదునైన బరువు పెట్టి కాస్త ఎత్తు చేయండి. పళ్లెం గోడకు తగలకూడదు. కర్టెను అంచు, వైరు, మొక్క ఆకు ఏదీ గిన్నె మీదికి వాలి ఉండకూడదు. రోజూ నీళ్లు పారబోసి కొత్తవి పోయాలి.

నీళ్లు పోసినా చీమలు దాటి వస్తున్నాయి. ఎలా?

వంగి నీళ్ల దగ్గరగా చూడండి. చాలాసార్లు అక్కడ ఒక వెంట్రుక ఉంటుంది. దాని ఒక కొస గిన్నెకు, ఇంకో కొస పళ్లెం అంచుకు తగిలి ఉంటుంది, దాని మీదుగా చీమలు ఒకదాని వెనక ఒకటి నడిచి వెళ్తుంటాయి. వెంట్రుక లేకపోతే నీళ్ల మీద పొర చూడండి. ఫుడ్ పొడి, కొవ్వు, దుమ్ము కలిసి పైన తెట్టు కడితే తేలికపాటి చీమలు దాని మీద నడుస్తాయి. మామూలు నీళ్ల మీద కూడా తలతన్యత (నీటి పైపొరకుండే బిగువు) వల్ల బాగా చిన్న చీమలు కాసేపు మునగకుండా ఉండగలవు. కొన్ని ఎర్ర చీమలైతే ఒకదాన్నొకటి పట్టుకుని తెప్పలా తేలతాయి. రోజుకు రెండుసార్లు నీళ్లు మార్చడం, పళ్లెం వెడల్పు పెంచడం, ఊడే వెంట్రుకల్ని రోజూ దువ్వి తీయడం ఈ మూడూ చేస్తే దాదాపు ఎప్పుడూ ఆగిపోతాయి.

ఆ నీళ్లలో సబ్బు, ఉప్పు, నూనె కలపొచ్చా?

సబ్బు చుక్క వేస్తే తలతన్యత తగ్గి చీమలు మునుగుతాయి. కానీ ఆ నీళ్లు నాకే జంతువైతే వద్దు, కడుపు పాడై వాంతులో విరేచనాలో అవుతాయి. ఉప్పు అసలు వద్దు. ఎక్కువ ఉప్పునీళ్లు తాగితే కుక్కలకు అది విషమే. నూనెను కూడా నాకేస్తాయి, పైగా నేలంతా జిడ్డవుతుంది. మంచినీళ్లే పోసి తరచుగా మార్చడం మేలు.

మా కుక్క ఫుడ్ వదిలేసి పళ్లెంలో నీళ్లే తాగేస్తోంది. పిల్లి చెయ్యి పెట్టి చిమ్ముతోంది. ఏం చేయాలి?

నీళ్లు కనిపించని ఏర్పాటు చేసుకోవాలి. గిన్నె అంచు బయటికి వచ్చి కింది నీళ్లను కప్పేసేలా, పళ్లెం కన్నా కొంచెం చిన్నదైన వెడల్పు గిన్నె వాడండి. లేదా కాళ్లున్న స్టాండ్ మీద గిన్నె పెట్టి, ఒక్కో కాలును ఒక్కో చిన్న నీళ్ల గిన్నెలో ఉంచండి. కాళ్ల గిన్నెల మూతి ఇరుకుగా ఉంటే కుక్క నాలుక అందదు. చెయ్యి పెట్టి ఆడే పిల్లి ఉంటే, దాని తిండి అయిపోగానే మొత్తం తీసేయడమే సులువు.

ఆ పళ్లెం నీళ్లలో దోమలు పెరగవా?

వదిలేస్తే పెరుగుతాయి. గుడ్డు నుంచి దోమ కావడానికి వేడి వాతావరణంలో 7 నుంచి 10 రోజులు చాలు. డెంగీ దోమ గుడ్లు నీటి అంచు దగ్గర పళ్లేనికి అతుక్కుని, ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. కాబట్టి రోజూ నీళ్లు పారబోయండి, వారానికి ఒకటి రెండుసార్లు పళ్లెం లోపలి అంచును పీచుతో గట్టిగా రుద్దండి.

ఎత్తు స్టాండ్ మీద గిన్నె పెడితే సరిపోతుందా?

చీమలు కాళ్ల మీదుగా ఎక్కగలవు కాబట్టి ఎత్తు ఒక్కటే ఆపదు. కాళ్లకు నీళ్లో, పెట్రోలియం జెల్లీ పూతో తోడు కావాలి. ఇంకో సంగతి: ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతి కుక్కలకు కడుపు ఉబ్బి మెలిక పడే ప్రమాదం ఉంది. 2000లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, ఎత్తు గిన్నెల్లో తినే పెద్ద కుక్కల్లో ఈ ముప్పు ఎక్కువగా కనిపించింది. అలాంటి కుక్క ఉంటే పొట్టి స్టాండే చాలు. మెడనొప్పి, కీళ్లనొప్పి ఉన్న ముసలి కుక్కకు ఎంత ఎత్తు మంచిదో డాక్టరును అడగండి.

పెట్రోలియం జెల్లీ రాయొచ్చా? నాకితే ప్రమాదమా?

స్టాండ్ కాళ్లకు, గిన్నె బయటివైపు అడుగున ఒక వేలి వెడల్పున పట్టీలా రాయొచ్చు. చీమలు ఆ జిడ్డులోకి దిగవు. కొంచెం నాకినా భయం లేదు, ఎక్కువైతే విరేచనాలు కావచ్చు. అందుకే మూతి తగలని చోటే రాయండి. దుమ్ము, వెంట్రుకలు అంటుకుంటే దాని మీద నుంచే నడిచి వెళ్తాయి కాబట్టి రెండు మూడు రోజులకోసారి తుడిచి కొత్తగా రాయాలి.

రెండువైపులా అంటుకునే టేపు?

వద్దు. జంతువు బొచ్చు, కాలి మెత్తలు దానికి పట్టుకుంటాయి. పిల్లి పిల్లలకు మరీ ఇబ్బంది.

చీమలు రాని గిన్నెలని అమ్ముతున్నారు. కొనాలా?

చాలావాటిలో ఉండేది అదే నీళ్ల గాడి. గాడి వెడల్పుగా ఉండి, విప్పి కడగడానికి వీలుగా ఉంటే మంచివే. కడగడానికి చెయ్యి పట్టని సన్నని గాడి ఉన్నవి మాత్రం నాలుగు రోజుల్లో పాచి పడతాయి. అవి వద్దు.

## తిండి పెట్టే పద్ధతి, నిల్వ

రోజంతా గిన్నెలో ఫుడ్ ఉంచడం మా అలవాటు. మార్చాలా?

చీమల బాధ పోవాలంటే అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే మార్పు ఇదే. కుక్కలకు వేళ ప్రకారం పెట్టి, 20 నుంచి 30 నిమిషాల్లో గిన్నె తీసేయండి. మొదటి రెండు మూడు పూటలు సరిగా తినకపోవచ్చు, తర్వాత వేళకు తినేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు, ఎంత తింటోందో మీకూ తెలుస్తుంది. పాలు మానే వయసు పిల్లలకు, మధుమేహం ఉన్నవాటికి మాత్రం డాక్టరు చెప్పిన వేళలే పాటించండి. వెట్ ఫుడ్ బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, వేడి ఎక్కువగా ఉంటే ఒక గంటే.

మా పిల్లి కొంచెం కొంచెంగా రోజంతా తింటుంది. దానికి వేళలు ఎలా?

పిల్లి సహజంగానే చిన్న చిన్న మోతాదుల్లో చాలాసార్లు తింటుంది, దాన్ని బలవంతంగా మార్చకండి. రోజు మొత్తానికి సరిపడే ఫుడ్‌ను నాలుగైదు భాగాలు చేసి ఒక్కోసారి ఒక్కో భాగమే పెట్టండి. మీరు ఇంట్లో లేని గంటల కోసం వేళకు తెరుచుకునే ఆటోమేటిక్ ఫీడర్ వాడొచ్చు. దాని మూత బిగుతుగా ఉందో లేదో, కాళ్ల కింద నీళ్ల అడ్డు పెట్టడానికి వీలుందో లేదో కొనేముందే చూసుకోండి.

డ్రై ఫుడ్ దేంట్లో నిల్వ చేయాలి?

కంపెనీ సంచితో సహా, రబ్బరు సీల్ ఉన్న డబ్బాలో పెట్టండి. సంచి లోపలి పొర కొవ్వును కాపాడుతుంది. బ్యాచ్ నంబరూ దాని మీదే ఉంటుంది, ఎప్పుడైనా కంపెనీ ఆ ఫుడ్‌ను వెనక్కి తీసుకుంటే అది పనికొస్తుంది. డబ్బాను 27 డిగ్రీల సెల్సియస్ లోపు ఉండే చల్లని, పొడి చోట, నేలకూ గోడకూ తగలకుండా పెట్టండి. పాత ఫుడ్ అయిపోయాక డబ్బా కడిగి పూర్తిగా ఆరాకే కొత్తది పోయాలి. మూత మెలికల్లో పేరుకునే పొడిని చాలామంది పట్టించుకోరు, చీమలు మొదట చేరేది అక్కడే.

గిన్నె రోజూ కడగాలా? నాకేసి శుభ్రంగానే ఉంటుంది కదా.

కడగాలి. నాకిన గిన్నెను వేలితో రుద్ది చూస్తే జారుడుగా తగులుతుంది. అది బ్యాక్టీరియా పొర, చీమలను పిలిచే కొవ్వూ అందులోనే ఉంటుంది. వేడినీళ్లు, గిన్నెల సబ్బు, విడిగా ఉంచుకున్న పీచుతో రోజూ రుద్ది బాగా జాడించండి. గీతలు పడని స్టీలు, పింగాణీ గిన్నెలు ప్లాస్టిక్ కన్నా మంచివి. అడుగున ఒక రబ్బరు మ్యాట్ వేస్తే ఎగిరిపడ్డ పలుకులన్నీ ఒకచోటే ఉంటాయి, ఎత్తి కడగడమూ సులువు.

నేల ఏ క్లీనర్‌తో తుడవాలి?

గిన్నె చుట్టుపక్కల పలచటి గిన్నెల సబ్బునీళ్లు చాలు. నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడే ఫినాయిల్ రకాలు పిల్లి ఉన్న ఇంట్లో వద్దు. ఫినాల్‌ను అరాయించుకునే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. బ్లీచింగును వెనిగర్‌తో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

## వంటింటి చిట్కాలు, మందులు

పసుపు, దాల్చినచెక్క పొడి, కారం చల్లితే పోతాయా?

చల్లిన చోట కాసేపు ఆగుతాయి, తర్వాత పక్కనుంచి దారి చూసుకుంటాయి. అసలు ఇబ్బంది జంతువుకే. దాని ముక్కు నేలకు అంగుళం ఎత్తులో ఉంటుంది, ఆ పొడి పీల్చితే తుమ్ములు, కళ్ల మంట. కారం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, కాలికి అంటి అక్కడి నుంచి కంట్లోకి వెళ్తుంది. పొడి చల్లాలనే ఉంటే చీమలు ఇంట్లోకొచ్చే బయటి సందులో చల్లండి.

వెనిగర్ లేదా నిమ్మరసం పర్వాలేదా?

తుడవడానికి పర్వాలేదు. వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి బారు దారిని తుడిస్తే వాసన చెరుగుతుంది. పాలరాయి నేలైతే వాడొద్దు, ఆమ్లానికి మెరుపు పోయి మచ్చలు పడతాయి. ఆ ఘాటు పిల్లులకు గిట్టదు కాబట్టి మంచినీళ్లతో మళ్లీ తుడిచి, ఆరాకే గిన్నె పెట్టండి.

కర్పూరం, కలరా ఉండలు, సువాసన నూనెలు?

మూడూ వద్దు. కర్పూరమైనా, కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్ అయినా మింగితే కుక్కకూ పిల్లికీ విషమే. టీ ట్రీ, పిప్పర్‌మెంట్, నారింజ జాతి నూనెలు ముఖ్యంగా పిల్లులకు హాని చేస్తాయి. ఒంటికి అంటినది నాక్కుంటే అదీ కడుపులోకే పోతుంది. 'సహజమైనది' అని సీసా మీద రాసి ఉంటే నిశ్చింతగా ఉండొద్దు.

వాడేసిన కాఫీ పొడి చల్లమంటున్నారు. నిజమేనా?

చీమల మీద దాని ప్రభావం అంతంతమాత్రం. అందులో మిగిలే కెఫిన్ కుక్కలకూ పిల్లులకూ ప్రమాదకరం. వద్దు.

చీమల చాక్‌పీస్‌తో గిన్నె చుట్టూ గీత గీస్తే?

చాలా ఇళ్లలో చేసేది ఇదే, నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేదీ ఇదే. ఆ చాక్‌పీస్‌లలో సాధారణంగా డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటి పైరెథ్రాయిడ్ మందులుంటాయి. గిన్నె చుట్టూ గీస్తే జంతువు తినే ప్రతిసారీ ఆ గీత తొక్కుతుంది, ఆ పొడిని కాళ్ల నుంచి నాక్కుంటుంది. ఈ మందుల్ని అరాయించుకునే శక్తి పిల్లి శరీరానికి తక్కువ. చొంగ, వణుకు, తూలడం, చివరికి ఫిట్స్ కూడా రావచ్చు. ఇప్పటికే గీసి ఉంటే తడిగుడ్డతో సబ్బు పెట్టి తుడిచేసి, గుడ్డ పారేసి, చేతులు కడుక్కోండి.

స్ప్రే కొట్టి గంట తర్వాత గిన్నె పెడితే ఫర్వాలేదా?

తిండి పెట్టే చోట కొట్టకపోవడమే మంచిది. స్ప్రేతో చచ్చేది బయట కనిపించే చీమలే, రాణి చీమ గూట్లోనే ఉండి మళ్లీ గుడ్లు పెడుతుంది. అంటే మీ జంతువుకు ప్రమాదం మిగులుతుంది, చీమలు మాత్రం తిరిగి వస్తాయి. చేపల తొట్టి ఉన్న గదిలో ఈ మందులు మరీ ప్రమాదం, నీళ్లలో కొంచెం కలిసినా చేపలు చచ్చిపోతాయి. పంజరంలో పక్షులున్న గదిలోనూ కొట్టకండి, వాటి ఊపిరితిత్తులు చాలా సున్నితం.

బోరిక్ యాసిడ్ ఎర పెట్టొచ్చా?

గూడును వదిలించడానికి మంచి మార్గమే, జంతువుకు అందకుండా పెట్టగలిగితేనే. చక్కెర నీళ్లలో 1 శాతం దాకా బోరిక్ యాసిడ్ ఉంటే చీమలు దాన్ని గూటికి మోసుకెళ్లి మిగతావాటికి పంచుతాయి. మందు ఎక్కువైతే దారిలోనే చచ్చిపోతాయి, గూడు అలాగే ఉంటుంది. ఫలితం కనిపించడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. మొదటి రెండు రోజులు చీమలు ఇంకా ఎక్కువ కనిపిస్తాయి, అప్పుడు వాటిని చంపకండి. తీపి ఎరను ముట్టకపోతే అవి కొవ్వు, మాంసకృత్తుల వేటలో ఉన్నట్టు. ఒక కాగితం మీద చక్కెర నీళ్ల చుక్క, పక్కన చిన్న మాంసం ముక్క పెట్టి దేని చుట్టూ చేరతాయో చూశాక ఎర రకం ఎంచుకోండి.

ఎర ఎక్కడ పెడితే జంతువుకు అందదు?

సన్నని రంధ్రాలున్న గట్టి ఎర డబ్బాలో పెట్టి, అల్మరా వెనకో, మూసిన అరలో పైపు వచ్చే సందు దగ్గరో, ఇంటి బయట గోడ వారనో ఉంచండి. గిన్నెకు దూరంగా, బారు వచ్చే దారిలో ఉండాలి. తెరిచిన మూతల్లో ఎర పోసి నేల మీద పెట్టొద్దు. కుక్కలకు తీపి ఇష్టం, డబ్బాను కొరికి తెరవగలవు కూడా. కుందేలు ఉన్న ఇంట్లో ఫిప్రోనిల్ ఉన్న జెల్ కొనకండి, కుక్కలకు గోమార్ల కోసం వాడే మందే అయినా కుందేలుకు అది ప్రాణాంతకం.

## కొన్ని ప్రత్యేక పరిస్థితులు

మా కుక్క పెరట్లోనే తింటుంది. అక్కడ ఎలా ఆపాలి?

గిన్నెను మట్టి మీద కాకుండా సిమెంటు గచ్చు మీద, నీడలో, నీళ్ల పళ్లెంలో పెట్టండి. ఎండలో ఆ నీళ్లు త్వరగా ఆవిరైపోతాయి. తినగానే గిన్నె లోపలికి తెచ్చేయండి. చుట్టుపక్కల మొక్కలకు పేనుబంక, పిండినల్లి పట్టిందేమో చూడండి. అవి కార్చే తియ్యటి జిగురు కోసం చీమలు అక్కడే కాపురం పెట్టి వాటికి కాపలా కాస్తాయి. మొక్కల్ని గట్టి నీళ్ల ధారతో కడిగితే ఆ ఆకర్షణ పోతుంది.

కుక్క ఈనింది. కళ్లు తెరవని పిల్లల దగ్గరికి చీమలు వస్తున్నాయి.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ పిల్లలు కదల్లేవు, దులుపుకోలేవు. పడక పెట్టెను కాళ్లున్న బల్ల మీదికి మార్చి కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. పిల్లలు జారిపడకుండా పెట్టె గోడలు ఎత్తుగా ఉండాలి, తల్లి దిగడానికి వీలుండాలి. పడక గుడ్డలు తరచుగా మార్చండి, పాలూ రక్తమూ అంటిన గుడ్డ వాసనకే చీమలు వస్తాయి. తల్లి తిండి గిన్నెను పడకకు దూరంగా పెట్టండి. పిల్లల కళ్లు, బొడ్డు, చెవుల దగ్గర రోజూ చూడండి. కుట్టిన గుర్తులుంటే డాక్టరుకు చూపించండి.

పక్షి పంజరానికి చీమలు పడుతున్నాయి.

వేలాడే పంజరమైతే పైన కొక్కేనికీ తాడుకూ మధ్య, పక్షి ముక్కుకు అందని ఎత్తులో చిన్న నీళ్ల కప్పు వేలాడదీయండి. స్టాండ్ ఉంటే దాని కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టండి. పండ్ల ముక్కలు గంట దాటి పంజరంలో ఉంచొద్దు.

## ఏదైనా జరిగితే

చీమల మందు నాకేసింది. వాంతి చేయించాలా?

డాక్టరు చెప్పకుండా వాంతి చేయించొద్దు. నోట్లో మిగిలినది తడిగుడ్డతో తుడిచి, మందు డబ్బా లేదా కవరు చేతిలో పట్టుకుని ఫోన్ చేయండి. అందులో ఏ మందు ఎంత శాతం ఉందో చదివి చెబితే చికిత్స త్వరగా మొదలవుతుంది. ఎంత నాకిందో, ఎప్పుడు నాకిందో, జంతువు బరువెంతో కూడా చెప్పండి. ఒంటికి అంటి ఉంటే గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బుతో కడిగి, చలి పట్టకుండా తుడవండి. పిల్లి వణుకుతున్నా తూలుతున్నా ఇంట్లో కడుగుతూ కూర్చోవద్దు, వెంటనే బయలుదేరండి.

ఇప్పుడు చీమలు రావడం లేదు. నీళ్ల పళ్లెం తీసేయొచ్చా?

రెండు మూడు వారాలు ఒక్క చీమా కనిపించకపోతే ఎండకాలం, వానాకాలం కాని రోజుల్లో తీసి చూడొచ్చు. తినగానే గిన్నె తీసి కడగడం, డబ్బా మూత బిగించడం మాత్రం ఆపొద్దు. గిన్నె దగ్గర ఒంటరిగా తిరిగే చీమ కనబడితే దాన్ని తీసేసి, అది నడిచిన చోటును వెంటనే సబ్బునీళ్లతో తుడవండి. అది గూటికి చేరిందంటే మళ్లీ బారు కట్టేస్తాయి, కాబట్టి ఆ రోజు నుంచే పళ్లెంలో నీళ్లు పోయడం మొదలుపెట్టండి.